నలభై ఒకటో లెక్క

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. ఆ మాట దాచుకోను. "దీని కోపం పాలపొంగు, నీళ్ళు చల్లితే దిగిపోతుంది" అంటుంది మా అమ్మ. అమ్మకి తెలియని కోపం ఇంకొకటి ఉంది. అది నాలుగేళ్ళుగా దిగలేదు. దాని కోసమే ఈ కాలేజీలో చేరాను. నాకొచ్చిన మార్కులకి ఇంతకన్నా మంచి కాలేజీలు రెండు రమ్మన్నాయి. అక్కడ పచ్చట్ట లేడు కాబట్టి వెళ్ళలేదు.

పచ్చట్ట అంటే మా లెక్కల లెక్చరర్. ఆయన పేరుతో ఒక ఇంటిగ్రేషన్ గైడు ఉంది, ఆకుపచ్చ అట్టది. అది చంకలో లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. అందులో ఆరువందల నలభై లెక్కలు. ఒక్కో లెక్క కింద ఒక ముక్క సూచన, దాని కింద జవాబు. అట్ట మీద పెద్దక్షరాల్లో ఆయన పేరు. లోపలున్న ప్రతి జవాబూ మా అక్క చేతిది.

అక్క అప్పట్లో ఇదే కాలేజీలో టెంపరరీ ట్యూటరు. "పిల్లలకి పనికొస్తాయి, కాస్త చేసిపెట్టు" అని ఆయన లెక్కల జాబితా ఇచ్చాడు. రెండేళ్ళు మా భోజనాల బల్ల మీద భోజనాలు లేవు, పొడుగు నోటుపుస్తకాలే. నేను స్కూల్లో చదువుతున్నాను. పెన్సిళ్ళు చెక్కడం నా పని. ఇంటిగ్రల్ గుర్తుని నేను కొక్కెం అనేదాన్ని. "కొక్కేనికి తగిలించింది కింద పడకుండా దింపడమేనే ఈ లెక్కంటే" అని నవ్వేది అక్క. చివర్లో ఒక మాట నేర్పింది: "జవాబు సరైందో కాదో ఎవర్నీ అడగక్కర్లేదు. జవాబుని డిఫరెన్షియేట్ చెయ్. మొదలుపెట్టిన ప్రశ్నే తిరిగి రావాలి. రాకపోతే తప్పు నీదే."

పుస్తకం అచ్చయింది. ముందుమాటలో వాళ్ళావిడకీ, ప్రెస్సువాళ్ళకీ, కాలేజీ వాచ్‌మన్‌కీ కూడా కృతజ్ఞతలున్నాయి. అక్క ఊసు లేదు. సొమ్మొకడిది సోకొకడిది. అచ్చుకి ముందే అడిగితే, "నువ్వు చేసింది గుమాస్తా పని. దానికి పేరు కూడానా?" అన్నాడట. మరుసటి టర్ముకి అక్క ఉద్యోగం లేదు. నోటుపుస్తకాలు ఆయన దగ్గరే ఉండిపోయాయి.

అక్క ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఒక కళ్ళజోళ్ళ షాపులో కుదురుకుంది, అద్దాలు మార్చి మార్చి "ఇది బాగా కనిపిస్తోందా, అదా?" అని అడిగే పని. ఇంట్లో మళ్ళీ పెన్సిలు ముట్టలేదు. నేను ఈ కాలేజీలో చేరతానన్నప్పుడు మాత్రం ఒక్కసారి నోరు తెరిచింది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే?"

"కందకి దురద లేకపోవడమేంటి, నీకు గోక్కోవడం చేతకాదు," అన్నాను.

నా ఉద్దేశం సూటిగానే ఉంది. ఆ గైడు ఆయనది కాదని అందరిముందూ తేలాలి. అక్క పేరు ఆ అట్ట మీదికి రావాలి. ఎలాగన్నది మాత్రం తెలియదు.

పచ్చట్ట క్లాసులో ఒక ఆచారం ఉంది. గురువారం మధ్యాహ్నం ప్రాక్టీసు అవర్. ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచి గైడులోంచి ఒక లెక్క ఇస్తాడు. మనం చేసినంతసేపూ కిటికీలోంచి బయటికి చూస్తాడు. ఆఖరి లైను రాయగానే గైడు తెరిచి, వేలు పెట్టి, జవాబు సరిపోలిస్తాడు. టాలీ అయితే "కూర్చో." కాకపోతే "నిలబడు." నిలబడేవాళ్ళకి కిటికీ ఎదురుగా ఒక గోడ ఉంది. గంటయ్యేదాకా అక్కడే. మధ్యలో మెట్లు చూడడు. పరీక్ష పేపర్లు దిద్దడమూ అంతే. ఆఖరి లైను గైడుతో కలిస్తే మార్కులు, లేకపోతే సున్న.

ఆ గోడ దగ్గర అందరికన్నా ఎక్కువసేపు నిలబడేది నా పక్క బెంచీ అమ్మాయి. అందరూ దాన్ని సీనియర్ అంటారు. ఫస్టియర్ రెండోసారి చదువుతోంది కదా, అదీ వెటకారం. పోయినేడు లెక్కల్లో మూడు మార్కులు తక్కువై పోయింది. దానితో చేరినవాళ్ళు ఇప్పుడు పై క్లాసులో ఉండి, వరండాలో ఎదురైతే తల తిప్పుకుంటారు. వాళ్ళన్నయ్య దాన్ని ఇంట్లో మొద్దు అని తప్ప పిలవడట. చెప్పి అదే నవ్వేది.

మొదటి నెలలోనే నా వంతు వచ్చింది. నలభై ఒకటో లెక్క. ఎక్స్ ఇంటూ ఈ పవర్ టూ ఎక్స్. బై పార్ట్స్‌లో ఇంతకన్నా తేలికైంది ఉండదు. ఎక్స్‌ని డిఫరెన్షియేట్ చేసి, ఈ పవర్‌ని ఇంటిగ్రేట్ చేసి, నాలుగు లైన్లలో దింపాను: ఈ పవర్ టూ ఎక్స్ ఇంటూ, టూ ఎక్స్ మైనస్ వన్, బై ఫోర్, ప్లస్ సి.

పచ్చట్ట గైడు తెరిచాడు. వేలు పెట్టాడు.

"ప్లస్ వన్. నీది మైనస్ వన్. టాలీ కాలేదు. నిలబడు."

"సార్, ఒకసారి డిఫరెన్షియేట్ చేసి చూస్తే..."

"పుస్తకం రాసింది నేనా, నువ్వా?"

క్లాసంతా నవ్వింది. నాకు చెవుల్లోంచి ఆవిరి వచ్చినంత పనైంది. "నువ్వూ కాదు, నేనూ కాదు" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగాను. వెళ్ళి గోడకి నిలబడ్డాను. పక్కనే సీనియర్.

"పోయినేడు పరీక్షలో ఇదే వచ్చింది," అంది మెల్లగా. "నేనూ మైనస్సే రాశా. సున్న. మూడు మార్కుల ప్రశ్న. వెళ్ళి అడిగితే గైడు చూపించాడు."

"నువ్వు రాసింది కరెక్టే మొహమా."

"ఊరుకోవే. అచ్చులో తప్పుంటుందా? నాకు బై పార్ట్స్ ఒంటబట్టలేదంతే. ఎన్నిసార్లు చేసినా అదే మైనస్సొస్తుంది. ఇప్పుడు గైడులో ఉన్నట్టు బట్టీ పట్టేశాను, ఆఖరి లైన్లో ప్లస్ పెట్టేస్తా."

సరైన జవాబు వచ్చిన ప్రతిసారీ తనకి రాదనుకుంది, పిచ్చిది. ఆ రోజు నా ఖాతాలో పచ్చట్ట నేరం ఇంకొకటి పెరిగింది. అప్పుడే ఉపాయం కూడా తట్టింది. ఒక తప్పుంటే ఇంకా ఉంటాయి. అన్నీ పట్టుకుని, నలుగురి ముందు ఒక్కొక్కటే మొహాన కొట్టాలి.

నాలుగు నెలలు తెల్లవారుజామునే లేచాను. అదే భోజనాల బల్ల. గైడు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. సబ్‌స్టిట్యూషన్ మొదట్లో చిరాకు పుట్టించింది. ఎక్కడ 'యూ' పెట్టాలో తెలియక అన్నిచోట్లా పెట్టి చేతులు కాల్చుకున్నాను. రెండువందల లెక్కల తర్వాత ఎక్కడ పెట్టాలో కన్నే చెప్పసాగింది. పార్షియల్ ఫ్రాక్షన్స్ అంటే ప్రాణం. ఒక పెద్ద మొండి భిన్నాన్ని ముక్కలుముక్కలుగా నరకడం. ఎవర్ని తలచుకుని నరికానో చెప్పక్కర్లేదు. ఈ పవర్ ఎక్స్ ఇంటూ సైన్ ఎక్స్ మాత్రం నన్ను ఏడిపించింది. రెండుసార్లు బై పార్ట్స్ చేస్తే మొదలుపెట్టిన లెక్కే మళ్ళీ ఎదురొస్తుంది. తప్పు చేశాననుకుని మూడు కాగితాలు చింపాను. తిరిగొచ్చినదాన్నే పట్టుకుని సమానం గుర్తుకి ఇవతలకి లాగితే తప్ప అది తెగదని నాలుగోసారికి తెలిసింది.

ప్రతి జవాబునీ డిఫరెన్షియేట్ చేసి చూశాను, అక్క నేర్పినట్టే. నిజం చెప్పాలంటే లెక్కలు నేర్చుకోవాలని కాదు. కసి. కసితో చేసిన పనికి విసుగుండదు. అమ్మ నన్ను చూసి, "చిన్నదానికి చదువు మీద శ్రద్ధ వచ్చింది" అని పక్కింటావిడకి చెప్పుకుని మురిసిపోయింది.

ఆరువందల నలభైలో ఏడు తప్పులు దొరికాయి. ఏడింటిలోనూ ఒకటే జబ్బు, మైనస్ ఉండాల్సిన చోట ప్లస్. ఆ మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి అక్క షాపుకి పరిగెత్తాను. గిరాకీ ఎవరూ లేరు. అక్క ఒక కళ్ళజోడు కాడకి ఊడిన మర బిగిస్తోంది, గోరంత స్క్రూడ్రైవరుతో.

"అక్కా, దొరికిపోయాడు! గైడులో తప్పులున్నాయి. నలభై ఒకటి, నూట పద్దెనిమిది, రెండువందల మూడు..."

"రెండువందల అరవై ఆరు, మూడువందల యాభై, నాలుగువందల డెబ్భై ఒకటి, అయిదువందల తొంభై ఎనిమిది," అంది అక్క, తలెత్తకుండానే.

అక్క మర పూర్తిగా బిగించి, కళ్ళజోడు పెట్టెలో పెట్టి, అప్పుడు చెప్పింది.

"అచ్చుకి వెళ్ళేముందు ప్రూఫులు దిద్దమని నాకే ఇచ్చాడు. మొదటి పేజీలో పేరు అప్పుడే చూశాను. అడిగితే గుమాస్తా పనన్నాడు కదా. సరే, గుమాస్తాని కాబట్టి దిద్దాను. ఏడు చోట్ల మైనస్‌ని ప్లస్‌గా. తిరిగిచ్చేటప్పుడు అనుకున్నా, నిజంగా తనదే అనుకునే మనిషైతే ఒక్కసారైనా చేసి చూసుకుంటాడు, పట్టుకుంటాడు అని. చూడలేదు. అలాగే అచ్చేశాడు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఎవరో ఒకరు పట్టుకుంటారు, క్లాసులో నవ్వులపాలవుతాడు, అదే చాలనుకున్నా. నాలుగేళ్ళు ఎదురుచూశానే. ఒక్కళ్ళూ పట్టుకోలేదు. మీ కాలేజీలో లెక్కలొచ్చినవాళ్ళే చేరట్లేదా ఏంటి?"

అని నవ్వింది. నాలుగేళ్ళలో అక్క అలా పళ్ళు కనిపించేలా నవ్వడం అదే మొదటిసారి. నాకు గోడ దగ్గర సీనియర్ గుర్తొచ్చింది. పట్టుకున్నవాళ్ళు ఉన్నారక్కా, వాళ్ళకి సున్నలొచ్చాయి అని చెప్పాలి. చెప్పలేదు. ఆ నవ్వు చెడగొట్టబుద్ధి కాలేదు. పైగా, ముందు పని కానీ, మిగతావి తర్వాత చూసుకుందాం అనుకున్నాను. అక్క చేత ఏడు లెక్కలూ, అసలు జవాబులూ, తను మార్చినవీ ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించాను. నాలుగేళ్ళ తర్వాత అక్క పెన్సిలు పట్టిన చెయ్యి ఎంత చకచకా కదిలిందో!

అవకాశం వెతుక్కుంటూ వచ్చింది. గైడుని అన్ని కాలేజీలకీ పాఠ్యపుస్తకంగా పెట్టాలని ఒక ప్రతిపాదన. అది తేల్చడానికి బయటి నుంచి ఇద్దరు ప్రొఫెసర్లు వచ్చి, ఒక గురువారం మా ప్రాక్టీసు అవర్లో వెనక బెంచీలో కూర్చున్నారు. పక్కన ప్రిన్సిపాల్. ప్రొఫెసర్లలో ఒకావిడది ముగ్గుబుట్టలాంటి తల, చేతిలో చిన్న నోటుబుక్కు. పచ్చట్ట ఇస్త్రీ చొక్కాలో మెరిసిపోతున్నాడు.

"ఏమైనా సందేహాలుంటే అడగండర్రా," అన్నాడు, ఎవరూ అడగరన్న ధైర్యంతో.

లేచాను.

"సార్, నలభై ఒకటో లెక్క నాకు సరిగా రావడం లేదు. మీరొకసారి చేసి చూపిస్తారా?"

ఆయన నవ్వి సుద్దముక్క తీశాడు. ఉన్న మాట చెప్పుకోవాలి, చక్కగా చేశాడు. గైడు చూడకుండానే చేశాడు. ఆఖరి లైన్లో మైనస్ వన్ వచ్చింది. అలవాటు చొప్పున గైడు తెరిచి వేలు పెట్టాడు. వేలు అక్కడే ఆగిపోయింది. బోర్డు చూశాడు, గైడు చూశాడు. మళ్ళీ బోర్డు చూశాడు. అప్పుడు మైనస్ మీద వేలితో తుడిచి, ప్లస్ పెట్టి, "చిన్న పొరపాటు. ఇలాంటి చోటే జాగ్రత్తగా ఉండాలి," అన్నాడు.

నా గుండె ఎగిరి గంతేసింది. ఇంత బాగా పడతాడని నేనూ అనుకోలేదు.

"సార్, దాన్ని డిఫరెన్షియేట్ చేసి చూద్దామా?"

ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. వెనక బెంచీ నుంచి ప్రొఫెసరమ్మ లేచి వచ్చింది. ఆయన చేతిలో సుద్ద అందుకుని రెండు లైన్లు రాసింది. మొదలుపెట్టిన ప్రశ్న తిరిగి రాలేదు. ఎక్స్ రావాల్సిన చోట ఎక్స్ ప్లస్ వన్ వచ్చింది.

"అచ్చు తప్పండీ. ప్రెస్సువాళ్ళు..."

"అచ్చు తప్పు ఎక్కడైనా ఉంటుంది," అంది ఆవిడ నెమ్మదిగా. "మీరు ముందు రాసింది సరైనదే కదా. దాన్నెందుకు చెరిపారు? సొంతంగా రాసుకున్నవాళ్ళు పుస్తకాన్ని దిద్దుకుంటారు. మీరు మీ చేతిని దిద్దుకున్నారు. ఈ పుస్తకం మీరే రాశారా?"

అక్కడితో నేను ఊరుకోవచ్చు. ఆయన పని అయిపోయింది. కానీ నాలుగేళ్ళ కోపం ఆవిడ నోటితో తీరిపోతే నాకేం మిగులుతుంది? కాగితం తీసి గట్టిగా చదివాను. ఏడు నంబర్లూ, ఏడు జవాబులూ.

"ఇవి అచ్చు తప్పులు కావు మేడమ్. ఈ పుస్తకంలో ప్రతి లెక్కా చేసింది మా అక్క. ఇక్కడే ట్యూటరుగా ఉండేది. పేరెందుకు లేదని అడిగితే గుమాస్తావన్నాడీయన. అందుకని ప్రూఫుల్లో ఈ ఏడూ మా అక్కే మార్చింది. రాసినవాడైతే పట్టుకుంటాడని! నాలుగేళ్ళయింది. ఇదిగో, ఇప్పటికీ పట్టుకోలేదు!"

క్లాసు గొల్లుమంది. ఈసారి నా మీద కాదు. పచ్చట్ట మొహంలో రంగు దిగిపోవడం కళ్ళారా చూశాను. గైడు చంకలో పెట్టుకోబోయి, మానేసి, బల్ల మీదే వదిలేసి బయటికి నడిచాడు. ఆ క్షణం నాకు కలిగిన ఆనందం గురించి అబద్ధం చెప్పను. అంత తియ్యటిది నా జన్మలో ఎరగను. ప్రొఫెసరమ్మ అక్క ఫోన్ నంబరు రాసుకుంది. పుస్తకాన్ని మళ్ళీ సరిగా వేయించాలనీ, ఈసారి చేసినవాళ్ళ పేరుతోనే వేయించాలనీ ప్రిన్సిపాల్‌తో చెప్పింది. నాకు వినబడేలాగే చెప్పింది.

విజయగర్వంతో వెనక్కి తిరిగాను. అందరూ నా వీపు చరుస్తున్నారు. సీనియర్ చరచలేదు. బెంచీలో కూర్చుని, గైడులో నలభై ఒకటో లెక్క పేజీ తెరిచి, ఆ ప్లస్ గుర్తు మీద వేలు పెట్టుకుని ఉంది.

"మీ అక్క పెట్టిందా ఇది?"

"ఆయన్ని పట్టించడానికే..."

"నీకెప్పుడు తెలుసు?"

"పోయిన నెల."

"పోయిన నెల," అంది. మరేమీ తిట్టలేదు. తిడితే తిరిగి తిట్టేదాన్ని, అది నాకు వచ్చిన విద్యే. గైడు మూసి సంచిలో పెట్టుకుంది.

"మీ అక్కది కళ్ళజోళ్ళ షాపన్నావు కదూ. ఎక్కడ?"

చెప్పాను. చెప్పక తప్పలేదు.

ఆ సాయంత్రం అక్క నన్ను కౌగిలించుకుని ఊపేసింది. ప్రొఫెసరమ్మ అప్పటికే ఫోన్ చేసిందట. అమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నేను అన్నం మెతుకులు కెలుకుతూ అప్పుడు చెప్పాను, సీనియర్ సంగతి, మూడు మార్కుల సంగతి.

"ఒక్కతేనా?" అంది అక్క.

"నాకు తెలిసింది ఒక్కతే. ఏడాదికి అరవైమంది, నాలుగేళ్ళు. ఎంతమందో ఎవరికి తెలుసు?"

"ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టావు కదే," అంది అమ్మ అక్కతో. అక్క కంచం ముందు నుంచి లేచిపోయింది.

మర్నాడు షాపు తెరిచేవేళకి నేనూ అక్కతో ఉన్నాను. ఉండాలనిపించింది. సీనియర్ వచ్చింది. నన్ను చూడలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసి కౌంటరు మీద పెట్టింది. నలభై ఒకటో లెక్క. ఒక్క మెట్టు కూడా వదలకుండా, గుండ్రటి అక్షరాలతో, ఆఖర్న మైనస్ వన్.

"ఇది దిద్దిపెట్టండి మేడమ్."

అద్దాల మీద గుర్తులు పెట్టే ఎర్ర పెన్ను ఒకటి ఉంటుంది అక్క దగ్గర. దాన్ని తీసింది. ఒక్కో లైనూ చదివింది, ఒక్కో లైనుకీ టిక్కు పెట్టింది. పోయిన నెల ఏడు లెక్కలు చకచకా రాసిన చెయ్యి ఇవాళ నాలుగు లైన్ల మీద నెమ్మదిగా కదిలింది.

"అంతా కరెక్టేనమ్మా."

"మూడు మార్కులకి ఎన్ని వేస్తారు?"

"మూడు."

"అంకె వెయ్యండి. మా అన్నయ్యకి చూపించాలి."

అక్క మూడు వేసి చుట్టూ సున్న చుట్టింది. కాగితం తిరిగిస్తూ, గిరాకీల కోసం వేసిన కుర్చీని కౌంటరు ఇవతలకి లాగింది.

"కూర్చోమ్మా."

"వద్దండీ," అంది సీనియర్, కాగితం మడతపెట్టుకుంటూ. "నిలబడడం అలవాటైపోయింది."